ఎర్ర దారం కట్టిన కొమ్మ

శనివారం ఉదయం ఏడు గంటలకు గాట్లీబ్ దూడల దొడ్డికి కంప కొట్టుకొచ్చాడు. అందులో సాలీళ్ల గూడున్న కొమ్మ ఉంది. దానికి హెర్తా కట్టిన ఎర్ర దారం కూడా అలాగే ఉంది.

హెర్తా అతని భార్య లూయిజెకు చెల్లెలు. అక్క కన్న చంటిపిల్లను తన వీపున కట్టుకుని హెర్తా పాలు పితుకుతోంది.

"దారం కనబడలేదా బావా?"

"కనబడింది మరదలా. దారం చూసి దూడలు జడుస్తాయని దాన్నే ముందు పెట్టాను."

గుమ్మంలోంచి లూయిజె నవ్వింది. "నీ పురుగుల చదువు దొడ్డికైనా పనికొచ్చిందే!"

హెర్తా రాజధాని విండ్‌హుక్‌లో చదువుతూ, అక్క కాన్పుకని నెల రోజులకు వచ్చింది. వచ్చి రెండేళ్లయింది, ఈలోగా అక్కకు ఇంకో కాన్పూ అయింది. అక్కడి వరసలో అమ్మ చెల్లెలు కూడా పిల్లలకు అమ్మే కాబట్టి, పెద్దది మెకూపీ ఆమెను అమ్మా అనే పిలుస్తుంది. నీళ్లు మోయడం, సొరబుర్రలో పాలు చిలకడం, పిల్లల్ని పడుకోబెట్టడం ఆమె పనులు. "నా చంకలో ఏడుస్తుంది, నీ వీపు మీదైతే నిద్రపోతుంది, ఏం చేయనే?" అంటుంది అక్క. "నీకేం, మొగుడా పిల్లలా?" అంటాడు బావ. దొడ్డి పక్క ముళ్లచెట్టు మీది ఆ గూడుకు వచ్చిన వారంలోనే గుర్తుగా దారం కట్టింది. అది ఉన్నన్నాళ్లూ ఇక్కడ ఉండటం కూడా చదువేనని తనకు తాను చెప్పుకుంది. ఈ సోమవారంలోపు రాకపోతే పేరు కొట్టేస్తామని విశ్వవిద్యాలయం నుంచి ఫోను వచ్చినా, ఆ గూడునే సాకు చేసుకుని ఇక్కడే ఉండిపోయింది.

హెర్తా కొమ్మను పక్కకు లాగింది. గూడు ఒకవైపు చిరిగి ఉంది. లోపల ఈ ఏటి పిల్లలు, వాటి మధ్య ఆడ సాలీళ్ల ఖాళీ తోళ్లు. అన్నీ కలిసి ఒకే వల అల్లుతాయి, తమకంటే ఎన్నో రెట్లు పెద్ద మిడతను కలిసి పడగొడతాయి. గుడ్లు పెట్టేవి కొన్నే. పెట్టనివి కూడా ఒంట్లోది కరిగించి పిల్లల నోట్లో పోస్తాయి. చివరికి ఆ పిల్లలే వాటిని తినేస్తాయి. దానివల్ల వాటికేం లాభమని తరగతిలో మాస్టారు అడిగినప్పుడు, "అక్క పిల్లలే కదా సార్" అంది హెర్తా. అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

గూడు విడిచి ఒంటరిగా పోయినవాటిలో చాలావాటిని గాలో చీమలో మిగలనివ్వవు. అదీ ఆమెకు తెలుసు. పరీక్షలో రాసింది.

కొమ్మను తీసుకెళ్లి చెట్టు పంగలో ఇరికించింది. ఇంట్లోకి వెళ్లి సంచి సర్దింది. లూయిజె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమెకు మళ్లీ నాలుగో నెల.

"ఈ కాన్పు అయ్యాక వెళ్దువుగాని."

"కిందటిసారీ అదే అన్నావు అక్కా."

"నువ్వు లేకపోతే వీళ్లెలా బతుకుతారే?"

హెర్తా గుడ్డ ముడి వదులు చేసి, వీపు మీది పిల్లను అక్క చేతికిచ్చింది. పిల్ల లేచి ఏడ్చింది.

"ఒక్కదానివీ ఆ ఊళ్లో ఏం చేస్తావు?" అన్నాడు గాట్లీబ్ దొడ్డిలోంచి. "వారం తిరక్కుండా వస్తుంది చూడు లూయిజె."

మెకూపీ కంచె దాకా వచ్చింది. "అమ్మా, నీళ్లకా?"

"కాదు."

"మరి బిందె ఎవరు మోస్తారు?"

హెర్తా తిరిగి చూడకుండా రోడ్డు మీదికి నడిచింది.

ఆమె ఎక్కిన పికప్ బండి మధ్యాహ్నం ఒచివరొంగో పట్నం చేరింది. హెర్తా సంచితో దిగి విండ్‌హుక్ బండి దగ్గరికి వెళ్లింది. పిల్లను మోసే గుడ్డ ఆమె వీపుకు ఇంకా కట్టే ఉంది.