పంపినవారు: క్వార్టర్ నంబర్ పదకొండు

నువ్వులు చిటపటమంటున్నాయి.

బౌద్ధనగర్‌లో ఆ ఒక్క గది నిండా వేగిన నువ్వుల వాసన, కరుగుతున్న బెల్లం వాసన. భారతమ్మ కిటికీ తెరవదు. ఆ వాసన పోవడం ఆమెకు ఇష్టం లేదు.

మనవడు బాబీకి నువ్వుల లడ్డూలంటే ప్రాణం. మనవరాలు శ్రీజకు ఏదిష్టమో... ఇప్పుడు తెలియదు. పన్నెండు నిండాయి. ఆ వయసు పిల్లల ఇష్టాలు నెలకొకటి.

పిల్లలు మహారాష్ట్రలో, భీవండిలో ఉన్నారు. నాలుగేళ్ళ కింద కూతురు కరుణ డెంగీతో పోయింది. అల్లుడు రాంచందర్ మరమగ్గాల పని దొరికిందని పిల్లల్ని వెంట తీసుకుపోయాడు. అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. చేసుకోనీ. భారతమ్మ తప్పుపట్టలేదు. కానీ ఒకరోజు ఫోన్లో ఒక మాటన్నాడు.

“అత్తమ్మా, నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా పిల్లలు రెండు దినాలు అన్నం తింటలేరు. ఇగ చెయ్యకు.”

చెయ్యలేదు. ఉండబట్టలేక చేసిన రోజుకు ఆ నంబరు లేదు.

ఫోను వద్దన్నాడు — పార్సిలు వద్దనలేదు కదా!

అలా మొదలైంది. లడ్డూలు, గౌను, చొక్కా, ఉసిరి తొక్కు... అన్నీ డబ్బాలో సర్ది, పైన తెల్లగుడ్డ చుట్టి కుడుతుంది. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో ముప్పై ఏళ్ళు వండిన చెయ్యి. బియ్యం బస్తా కుట్టినట్టే కుడుతుంది. ఏటవాలు కుట్టు. మొండి కుట్టు. కత్తెర పెడితే తప్ప ఊడదు.

తార్నాక పోస్టాఫీసులో ఎవరినైనా బతిమాలి, అల్లుడు పోయిన కొత్తలో ఇచ్చిన చిరునామా రాయిస్తుంది. పంపినవారి చోట మాత్రం ఎప్పుడూ ఒక్కటే — క్వార్టర్ నంబర్ పదకొండు, యూనివర్సిటీ క్యాంపస్.

రిటైరై ఆ ఇల్లు ఖాళీ చేసి మూడేళ్ళు. అయితేనేం? పిల్లలు పుట్టి పెరిగిన ఇల్లు. వాళ్ళకు తెలిసిన ఇల్లు. బౌద్ధనగర్ అని రాస్తే ఎవరో అనుకోరూ?

ఏడు పార్సిళ్ళు పంపింది. ఒక్కటీ తిరిగి రాలేదు.

తిరిగి రాలేదంటే అందినట్టే. ఫోనుకు ఇంగ్లీషులో ఏవో మెసేజీలు వచ్చేవి. ఏ కంపెనీవాళ్ళవో అని తుడిచేసేది.

ఈసారి లంగా ఓణీ పంపాలి. ఆడపిల్లకు తొలి ఓణీ తల్లిగారింటి నుంచే రావాలి. తల్లి లేకపోయినా... తల్లిగారిల్లు ఉంది కదా. గౌన్లయితే వయసు చెప్పి కొనేది. లంగాకు పొడుగు కావాలి. పొడుగు క్వార్టర్లో ఉంది. ఏటా ఉగాదికి పిల్లల్ని తలుపు చట్రానికి ఆనించి బొగ్గుతో గీత గీసేది.

చూస్తే ఏడుపొస్తుందని ఇన్నాళ్ళూ అటు పోలేదు. ఈరోజు పోయింది.

క్యాంపస్‌లో చింతచెట్ల కింద ఎవరెవరి పిల్లలో పరీక్షలకు చదువుకుంటున్నారు. ఆమె క్వార్టరు ఇప్పుడు విరిగిన బెంచీల స్టోరు. కాపలా ఉన్న మల్లన్న నడివయసు మనిషి, రామంతాపూర్ నుంచి డ్యూటీకి వస్తాడు. గీతల సంగతి చెబితే నవ్వలేదు. తాళం తీశాడు.

గీతలున్నాయి.

శ్రీజ చివరి గీత దగ్గర దారం పట్టి నేల దాకా వదిలింది. నాలుగేళ్ళ ఎదుగుదలకు ఒక జానెడు కలిపింది. చాలదేమో... ఇంకో నాలుగు వేళ్ళు కలిపింది. దారం తెంపబోతూ తలుపు వెనక్కి చూసింది.

తెల్లగుడ్డ మూటలు.

ఏటవాలు కుట్లు. మొండి కుట్లు. ఒక్కటీ ఊడలేదు.

ఆరు.

పైన ఎర్రసిరా రాతను మల్లన్న చదివి చెప్పాడు. భీవండిలో ఆ ఇంట్లో వాళ్ళు లేరట, ఎటో మారిపోయారట. క్వార్టర్ నంబరు సరిపోయింది కాబట్టి వచ్చినప్పుడల్లా సంతకం పెట్టి తీసుకున్నాడట. అడిగినవాళ్ళకు ఇద్దామనుకున్నాడట. ఎవరూ అడగలేదట.

అడుగు మూటకు చీమలు పట్టాయి. లోపల పదేళ్ళ పిల్ల గౌను, పదకొండేళ్ళ పిల్ల గౌను... ఎవరూ తొడుక్కోకుండానే పొట్టివైపోయాయి.

భారతమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. దాచుకోలేదు.

ఏడు పంపింది. ఇక్కడ ఆరున్నాయి. ఆ ఒక్కటి అందిందా? దారిలో పోయిందా? చెప్పేవాళ్ళు లేరు. పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నారో కూడా చెప్పేవాళ్ళు లేరు.

మల్లన్న మంచినీళ్ళిచ్చాడు. ఆటో పిలుస్తానని, మూటలు ఇంటికి తీసుకుపొమ్మని అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“మరి మల్లొస్తే ఏం జెయ్యాలమ్మా? వద్దని చెప్పాల్నా?”

భారతమ్మ మూటల వైపు చూసింది. దారం వేలికి చుట్టింది... విప్పింది... చుట్టింది.

“వద్దనకు బిడ్డా. గంత దూరం వోయి, ఎవ్వరు లేరని మర్లొచ్చినయి. గుమ్మం కాడ నిలబెట్టకు. లోపటికి తీస్కో.”

మల్లన్న సరేనన్నాడు. ఆమె దారం కొంగున ముడేసుకుని తార్నాక వైపు నడిచింది. ఓణీ గుడ్డ ఇంకా కొనలేదు.