బూట్లలో మెట్టెలు

శనివారం కొండకు వెళ్లాలంటే శుక్రవారమే అయిపోవాల్సిన పనులు: దోసెల పిండి రుబ్బడం, మా పాప హాసిని స్విమ్మింగ్ బ్యాగు సర్దడం, అత్తమ్మ బీపీ మాత్రలు తేవడం, అమరేందర్ చొక్కాల ఇస్త్రీ, రెండు పూటల కూర. అన్నీ చేశాను. అయినా మా ఆయన అమరేందర్, నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూనే, ఇల్లు వదిలేసి మంచులో ఆటలేంటన్నాడు. తర్వాత కాస్త మెత్తబడ్డాడు. "పో. మెట్టెలు మాత్రం తియ్యకు. అమ్మ బాధపడ్తది."

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. చెప్పిన మాట వినడం అలవాటు. మేముండే ఎడిన్‌బర్గ్‌లో మా ఆఫీసు మీటింగ్ నోట్సు ఎప్పుడూ నాకే అప్పగిస్తారు, రాస్తాను. స్కీయింగ్ ఒక్కటే నాకోసం నేర్చుకున్నాను, ముందు ఊరి చివర మంచుకు బదులు ప్లాస్టిక్ పరిచిన వాలు మీద, తర్వాత నిజమైన మంచు మీద. నిటారు కొండ ఎక్కి, అదే వాలున స్కీల మీద దిగాలని కోరిక. ఈ వసంతం దాటితే మంచు మిగలదు.

స్కాట్లాండ్ కొండల్లో ఫోర్ట్ విలియం ఊరి దగ్గర కార్ పార్కులో స్కీ బూట్లు బిగించగానే మెట్టెలు వేళ్లలోకి దిగాయి. కాస్త నడిచేసరికి వేళ్లు మొద్దుబారాయి. నన్ను తీసుకొచ్చిన కొలీగ్ ఐలా, వేళ్లకు స్పర్శ లేకపోతే పైకి వద్దని తేల్చేసింది. వెనక్కి తిరగడానికి మనసొప్పక ఇంటికి ఫోన్ చేశాను. అత్తమ్మ బాలమణి ఎత్తింది. సిగ్గుపడుతూనే సంగతి చెప్పాను.



"నాట్లేసేటప్పుడు బురదల నా వేళ్లు గూడ కోసుకపోతుండె. తీసి కొంగుకు ముడేసుకునేదాన్ని బిడ్డా. మీ మామకు ఇప్పటికీ తెల్వది. గుండ్రాయి లెక్క ఉన్నడు. తియ్యి."

బూట్లు విప్పి, మెట్టెలు తీసి జేబులో వేసి జిప్పు లాగాను. వేళ్లకు స్పర్శ తిరిగొచ్చాక ఐలా సరేనంది.

బూట్లకు ఇనుప ముళ్లు కట్టుకుని, స్కీలు వీపున మోస్తూ, మంచుగొడ్డలి దిగేస్తూ ఎక్కాం. గడ్డకట్టిన మంచు ఎండకు పైపైన మెత్తబడింది. దిగడానికి అదే అదను. అంచున నిలబడి కిందికి చూస్తే వాలు అడుగు కనిపించలేదు. కానీ ప్రతి వేలూ నాకు తెలుస్తోంది. మొదటి మలుపు తిరిగాను. మంచు పట్టు దొరికింది. ఆ తర్వాత భయం గుర్తురాలేదు.

ఇంటికొచ్చి అమరేందర్ ఎదుటే చెప్పాను, మెట్టెలు ఎప్పుడు పెట్టుకోవాలో, ఎప్పుడు తియ్యాలో ఇక నేనే చూసుకుంటానని. అతను తల్లి వైపు చూశాడు. ఆమె నాకు అన్నం వడ్డిస్తూ, "నువ్వే పెట్టుకోని తిను," అంది కొడుకుతో.

నా స్కీయింగ్ సంగతి మీరు మరిచిపోయినా ఫర్వాలేదు. ఎవరికీ చెప్పకుండా, ఏళ్ల తరబడి బురదలో తన కాళ్లను తానే కాపాడుకున్న బాలమణిని మాత్రం గుర్తుపెట్టుకోండి.