ఫువాతినో ఎడమ చెవి

పెళ్లయ్యాక నేను సమోవాలోని ఈ సవాయి దీవిలోనే పక్క ఊళ్లో ఉంటున్నాను. నెలకో ఆదివారం పుట్టింటికి వస్తాను. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చున్నప్పుడు, మా తమ్ముడి భార్య ఫువాతినో జుట్టు విరబోసుకుని ఉంది. ఎప్పుడూ బిగించి ముడి వేసుకునే మనిషి. వడ్డించడానికి వంగినప్పుడు జుట్టు జరిగి, వాచిన ఎడమ చెవి కనిపించింది.

"చెవికేమైంది?" అన్నాను.

"పొద్దున వంటపాకలో పడ్డాను వదినా. పొయ్యి రాళ్ల మీద."

ఆదివారం వంటకు ఆ రాళ్లు తెల్లవారకముందే ఎర్రగా కాలి ఉంటాయి. పడితే చర్మం ఊడిరావాలి. ఆమె చెంప మీద కాలిన మచ్చే లేదు, నీలం చారలున్నాయి.

తమ్ముడు పెనితాలా టారో దుంపను చిదుపుతున్నాడే గానీ నోట్లో పెట్టుకోవడం లేదు. వీడే అనుకున్నాను.

మా ఇళ్లకు గోడలుండవు, స్తంభాలూ వాటి మధ్య వేలాడే చాపలే. పక్కింటివాళ్లకు తెలియకుండా ఉంటుందా? చూస్తే, వానా గాలీ లేకపోయినా మావైపు చాపలు దించేసుకున్నారు. ఎన్నాళ్ల నుంచి దించుకుంటున్నారో.

తమ్ముణ్ని అరటిచెట్ల వెనక్కి పిలిచాను.

"నువ్వేనా?"

"నీ దగ్గర అబద్ధమాడనక్కా. నేను చెయ్యెత్తలేదు."

"మరెవరు?"

వాడు ముంగిట ఊడుస్తున్న అమ్మవైపు చూసి తల దించుకున్నాడు.

"నువ్వేం చేశావు?"

"బయటికి వెళ్లిపోయాను."

"ఎన్నిసార్లు?"



అమ్మ దగ్గరికి వెళ్లి అడిగాను. ఆమె ఊడవడం ఆపలేదు.

"మా అత్త నన్ను కర్రతో బాదేది. నేనేమైనా చచ్చానా? మీ నాన్న చర్చి పెద్ద. ఈ మాట బయటికి పొక్కితే ఆయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? నీ అత్తారింట్లో నీకు దెబ్బలు పడలేదనకు."

"పడ్డాయి. ప్రతి నెలా నీకు చెబుదామనే వచ్చాను. నోరు రాలేదు."

అమ్మ చీపురు ఆగింది. 

మళ్లీ తమ్ముడి దగ్గరికి వెళ్లాను. మాలో అక్క మాట తమ్ముడు కాదనకూడదు. "రేపు పొద్దుటి పడవకు ఫువాతినోను వాళ్ల పుట్టింటికి తీసుకెళ్లు. నువ్వూ అక్కడే ఉండు," అన్నాను. ఇల్లరికం వెళ్లాడని ఊరంతా నవ్వుతుందని వాడికి తెలుసు. అయినా సరేనన్నాడు.

ఫువాతినో నన్ను నమ్మలేదు. మూట కడుతూ మూడుసార్లు అడిగింది: "మళ్లీ రమ్మని కబురు పెట్టరు కదా వదినా?"

ఆ చెవి ఇక వినపడదని అక్కడి డాక్టరు చెప్పాడట. అమ్మ నాతో ఏడాది మాట్లాడలేదు. నేను మాత్రం ఆ ఆదివారం సాయంత్రమే అత్తారింటికి వెళ్లిపోయాను. నా పిల్లలక్కడున్నారు.