కాపాడానన్న పేరు

నేను ఒక హెల్మెట్‌ని. పోలీసు కనబడగానే నెత్తికెక్కి, మలుపు తిరగగానే బండి అద్దానికి వేలాడే రకాన్ని కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు పెట్టుకునే గట్టి జాతిని. ఆ ఆటలో బంతిని చంకన పెట్టుకుని పరిగెడతారు. దానికి ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టారో నాకీనాటికీ అర్థం కాలేదు.

ఫ్యాక్టరీలో నన్ను అచ్చుపోసి, లోపల మెత్తలు అమర్చి, ముందు చువ్వలు బిగించి, ఒక ఇనుప దిమ్మెను నా మీద పడేసి చూశారు. నాకేమీ కాలేదు. ఆరోజు నుంచే నాకు పొగరు పట్టుకుంది.

నా యజమాని టెరెల్ బ్రూసార్డ్, లూసియానా మనిషి. బంతి పట్టుకొచ్చేవాణ్ణి అడ్డుకుని నేలకూల్చడమే అతని ఉద్యోగం. నేనున్నానన్న ధీమాతో తలతోనే గుద్దేవాడు. గుద్దినప్పుడల్లా అవతలివాడి హెల్మెట్ రంగు నాకంటుకునేది. జట్టు సామాను చూసే ఆస్కార్ తుడవబోతే, "ఉండనీ ఆస్కార్, అవన్నీ నా పతకాలు" అనేవాడు. నేనూ పొంగిపోయేదాన్ని.

ఏటా సీజన్ మొదలయ్యే ముందు డాక్టరు పది మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమంటారు. ఎన్ని గుర్తున్నాయో రాసుకుంటారు. ఆటలో తలకు దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష. మొదటి లెక్కకన్నా తగ్గితే ఆడనివ్వరు. ఒక ఏడాది ఓ పాత ఆటగాడు టెరెల్ చెవిలో ఊదాడు: "ఇప్పుడు బాగా చెప్పావనుకో, రేపు దెబ్బ తగిలితే దొరికిపోతావ్. నాలుగు చెప్పి నోర్మూసుకో."

టెరెల్‌కు పదీ గుర్తున్నాయి. నాలుగే చెప్పాడు. బయటికొచ్చి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నిజం చెప్పొద్దూ, నాకూ అది తెలివైన పనే అనిపించింది.

ఆ సీజన్ చివర్లో ఒక మ్యాచ్‌లో ఎదుటివాడి మోకాలు వచ్చి నాకు తగిలింది. లోపల అతని తల ఎంతగా అదిరిందో నాకు తెలుసు. మైదానం పక్కనున్న గుడారంలో డాక్టరు పది మాటలు చెప్పారు. ఈసారి టెరెల్ నిజంగానే తడుముకున్నాడు. కష్టపడితే నాలుగొచ్చాయి. డాక్టరు పాత కాగితం తిరగేశారు.

"అప్పుడూ నాలుగే. సరే, వెళ్లు."

గడ్డం కింద పట్టీ బిగించుకోవడం అతనికి చేతకాలేదు. ఆస్కార్ బిగించాడు. నాకు నోరు లేదు, ఒప్పుకుంటాను. కానీ నా సిగ్గు అందుకు కాదు. ఆ క్షణంలో, మళ్లీ ఆటలోకి వెళ్తున్నామని నేను సంతోషించాను. పావుగంటలో రెండో దెబ్బ తగిలింది. టెరెల్‌ను స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ఆటకు అదే ఆఖరు.

ఇప్పుడతనికి ముప్పై తొమ్మిదేళ్లు. పొయ్యి వెలిగించి మరిచిపోతాడని, భార్య యోలాండా దాని నాబ్‌లు పీకి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని పనికి వెళ్తుంది. అద్దాల అలమారలోంచి అన్నీ చూస్తుంటాను.

మొన్న చెత్తబండి వచ్చే వేళకు ఆవిడ నన్ను బయటికి లాగింది. "ఈ దరిద్రాన్ని ఇవాళ పారేస్తా."

టెరెల్ గభాల్న లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాడు. అరచేత్తో నన్ను నిమిరాడు.

"దాన్నేం అనకు యోలా. అదే లేకపోతే నా తల ఏమైపోయేది?"

ఆవిడ అతని ఒళ్లోంచి నన్ను మెల్లగా తీసుకుంది. మళ్లీ అలమారలోనే, గోడవైపు తిప్పి పెట్టింది. మంచిపని చేసింది. అతని మొహం చూడలేకపోతున్నాను.