అర్థమైందా అనని పాఠం

ఇంట్లో అందరూ ఆమెను టీచరమ్మ అనే పిలుస్తారు. సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదన్నది వేరే సంగతి. డిగ్రీ, టీచర్ ట్రైనింగ్ కలిపి చదివే కోర్సులో ఆఖరి సంవత్సరం. రాత పరీక్షలన్నీ గట్టెక్కాయి. ఇక మిగిలింది ఫైనల్ లెసన్ ఒక్కటే. వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ వెనక బెంచీలో కూర్చుని చూస్తుండగా పిల్లలకు పాఠం చెప్పాలి. అందులో పాసైతే, ప్రాక్టీసు చేస్తున్న ఈ బడిలోనే లెక్కల టీచరు ఉద్యోగం ఆమెదే. హెడ్‌మిస్ట్రెస్ మాట ఇచ్చింది. కాకపోతే సర్టిఫికెట్ చూపిస్తేనే. ఫెయిలైతే వచ్చే ఏడు జూనియర్ల పక్కన నిలబడి మళ్ళీ చెప్పుకోవాలి, ఉద్యోగం ఇంకొకరిది.

పాఠం చక్కగానే చెబుతుంది. ఉన్న జబ్బల్లా ఒక్కటే. రెండు ముక్కలు చెప్పగానే ‘అర్థమైందా?’ అంటుంది. అనడమే ఆలస్యం, ఐదో తరగతి మొత్తం ‘అర్థమైంది టీచర్’ అని రాగం తీస్తుంది. ఆ రాగం వింటే ఆమెకు ప్రాణం లేచివచ్చేది.

కాలేజీ నుంచి వచ్చి ఆమె పాఠాలు చూసే మేడమ్‌కు మాత్రం తల వాచిపోయేది.

“ఎన్నిసార్లంటావో లెక్కపెడదామని కూర్చుని, సగంలోనే విసుగొచ్చి మానేశాను. ఎగ్జామినర్లకి ఆ మాటంటే ఒళ్ళు మంట. ఫైనల్ రోజు అది నీ నోట్లోంచి వచ్చిందో, మార్కులకి నీళ్ళొదులుకోవడమే,” అందామె.

ఊతపదం మానడం చెప్పినంత తేలిక కాదు. ఇంటి ముందుగదిలో అమ్మ బట్టలు కుడుతుంది. “కత్తెర ఆ మూల పెట్టానమ్మా, అర్థమైందా?” అని కూతురు అనగానే, అమ్మ గజం బద్దతో బల్ల మీద టక్కుమని కొట్టేది.

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నీది అంత దాకా తెచ్చుకోకు తల్లీ!”

టక్కు టక్కుమని కొట్టి కొట్టి బద్ద అంచు సొట్టలు పడింది గానీ, కూతురి నోరు మాత్రం అదుపులోకి వచ్చింది.

ఆ రోజు రానే వచ్చింది. ఎగ్జామినర్ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఐదో తరగతి బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఆయన పక్కనే మేడమ్. బోర్డు మీద పాఠం పేరు: హారాలు వేరుగా ఉన్న భిన్నాల కూడిక. సగం, మూడో వంతు కలిపితే ఎంత? ఆమె మొదటి మెట్టు చెప్పింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేసింది. రెండో మెట్టు చెప్పింది, మళ్ళీ మింగేసింది. మేడమ్ కళ్ళతోనే శభాష్ అంది.

పిల్లలకే ఏదో వెలితిగా ఉంది. రాగం తీయడానికి నోళ్ళు తెరిచి, సందు దొరక్క మూసుకుంటున్నారు. చివరికి కిటికీ పక్కన కూర్చునే రెండుజడల పిల్ల లేచి నిలబడింది.

“టీచర్, ఇవాళ అర్థమైందా అని అడగట్లేదేంటి?”

క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

“అడిగితే ఏం చెప్తావే?”

“అర్థమైంది టీచర్ అంటాను.”

“మరి అర్థమైందా?”

“లేదు టీచర్.”

ఆ పిల్ల మొహంలో చిలిపితనం వీసమెత్తు లేదు. అడిగారు, చెప్పింది, అంతే.

“ఎక్కణ్ణించి అర్థం కాలేదు?”

“మీరొచ్చినప్పట్నుంచి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఎగ్జామినర్ పెన్ను ఆగింది. లెసన్ ప్లాన్‌లో ఇంకా మూడు గళ్ళు మిగిలి ఉన్నాయి: అభ్యాసం, పునశ్చరణ, ఇంటిపని. ఒక్కో గడికీ మార్కులున్నాయి. ‘కూర్చో, తర్వాత చెప్తా’ అంటే సరిపోయేది. ఆమె కూడా అందామనే నోరు తెరిచింది. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

“ఇంకెవరికి రాలేదు? చెయ్యెత్తండి. తిట్టను.”

ఒక చెయ్యి లేచింది. దాన్ని చూసి ఇంకోటి. చూస్తుండగానే క్లాసులో సగానికి పైగా చేతులు గాల్లో ఉన్నాయి. ఆమె బోర్డు తుడిచేసింది. ఎవరికి ఎక్కడ దారం తెగిందో బెంచీ బెంచీకీ తిరిగి అడుగుతుండగానే గంట కొట్టారు.

వరండాలో ఎగ్జామినర్ మర్యాదగానే చెప్పాడు.

“చూడమ్మా, మీరు చేసింది తప్పని నేననను. కానీ చెప్పని పాఠానికి మార్కులెలా వేస్తాను? మూడు గళ్ళు ఖాళీ. వచ్చే ఏడు మళ్ళీ రండి.”

ఆయన వెళ్ళాక ఆమె మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాలుగేళ్ళ చదువు, చేతికందిన ఉద్యోగం, రెండూ ఒక్క పీరియడ్‌లో పోయాయి. మేడమ్ వచ్చి పక్కనే చతికిలబడింది.

“కొండ నాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడింది. మాన్పించింది నేనే. ఇన్నాళ్ళు వెనకాలే కూర్చున్నాను, వాళ్ళకి రాలేదని నాకూ తెలీలేదు,” అంది.

టీచరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని స్టాఫ్‌రూమ్‌కు వెళ్ళి, ఐదో తరగతి వాళ్ళ డ్రాయింగ్ పీరియడ్ తనకిమ్మని అడిగింది.

క్లాసులోకి వెళ్ళేసరికి రెండుజడల పిల్ల ఎదురొచ్చింది.

“ఆ సారు పాస్ చేశారా టీచర్?”

“లేదు.”

“నా వల్లేనా?”

“కాదు, నా వల్లే. ఇలా రా. నీకు ఎక్కడిదాకా వచ్చో చెప్పు.”

ఆ పిల్ల బోర్డు దగ్గరికి వెళ్ళి, ఒకటి వేసి, గీత గీసి, కింద రెండు వేసింది. పైనున్న ఒకటి మీద వేలు పెట్టింది.

“ఇది వచ్చు టీచర్. ఈ గీత కింద ఇంకో అంకె ఎందుకుంటుందో తెలీదు.”

రెండు నెలలుగా ఆ క్లాసుకు భిన్నాలు చెబుతున్న మనిషి చాక్‌పీసు బల్ల మీద పెట్టి, ఒక తెల్లకాగితం తీసుకుని, మధ్యకు మడత పెట్టమని ఆ పిల్ల చేతికిచ్చింది.