సన్న చేతులు

"పదిహేడో నంబరు పానా అందీ మే!"

కారు కింద నుంచి కోటేశ్వర్ చెయ్యి బయటికొచ్చింది. రేణుకాదేవి ఒళ్ళోని గరిటెను, ఆకురాయిని పక్కన పెట్టి లేచింది. ఉదయగిరిలో వాళ్ళది కొయ్య గరిటెల పని. ఆమే, అత్త పెంచలమ్మే కూర్చుని చెక్కి, రుద్ది, నునుపు తేలుస్తారు. తయారైన సరుకు కారులో వేసుకుని, తోలుకెళ్ళి ఆత్మకూరు అంగళ్ళకు చేర్చేదీ, అక్కడ ధర తెగేసి మాట్లాడేదీ కూడా ఆమే. ఊళ్ళో మాత్రం అది కోటేశ్వర్ వ్యాపారం, కోటేశ్వర్ కారు.

ఆదివారం అంగళ్ళు మూసుంటాయి కాబట్టి ఇంజనాయిలు మార్చేస్తానని పొద్దున్నే మొదలుపెట్టాడు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య. పాత ఆయిల్ దించాలంటే ఇంజను అడుగున ఒక బోల్టు విప్పాలి. పోయినసారి దాన్ని బిగించేటప్పుడు పానాకు ఇనుప గొట్టం తగిలించి, దానిమీద కాలు పెట్టి తొక్కాడు. "ఇంక జన్మలో కారదు" అని మీసం దువ్వుకున్నాడు కూడా. ఇప్పుడు ఆ బోల్టు కదలనంటోంది. బలం పెట్టిన కొద్దీ పానా జారింది. జారిన ప్రతిసారీ బోల్టు మూల ఒకటి అరిగింది. చివరికి పట్టు దొరకకుండా గుండ్రంగా తయారైంది.

"తప్పు పానా ఇచ్చినావు నువ్వు. అందుకే అరిగిపోయింది" అన్నాడు బయటికి పాక్కుంటూ వచ్చి.

అతను అడిగిందీ పదిహేడో నంబరే, ఆమె ఇచ్చిందీ అదే. కాళ్ళు ముడుచుకుని అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న పెంచలమ్మ అందుకుంది. "వాడు ఎండలో పొర్లాడతా ఉంటే, ఒక పానా సరిగ్గా అందియ్యలేవా మే? బేరాలకైతే నోరు లేస్తాది."

కోటేశ్వర్ ఉలి, సుత్తి తెచ్చి ఆమె ముందు పడేశాడు. "నా చెయ్యి దూరడంల్యా ఆ సందులో. నీ చేతులు సన్నం. నువ్వు దూరు. ఉలి బోల్టు అంచున పెట్టి పక్కకు కొట్టు, అదే తిరిగొస్తాది."

రేణుకాదేవి కారు వైపు చూసింది. ముందు భాగం ఒక్క జాకీ మీద లేచి నిలబడి ఉంది. జాకీ జారితే అడ్డంగా ఉంటుందని పక్కన ఒక కొయ్య దిమ్మ దోపాడు. గరిటెల కోసం నిన్న తెచ్చిన దిమ్మ. ఇంకా పచ్చి ఆరలేదు. ఉలికి మెత్తగా తెగాలని పచ్చిదే తెప్పిస్తారు. చెక్కడానికి మంచి కొయ్య. కారు బరువు మొయ్యడానికి?

"భయంగా ఉండాది" అంది.

"భయమంట!" కోటేశ్వర్ నవ్వాడు. "ఆత్మకూరు రోడ్డులో లారీలను దాటిచ్చేటప్పుడు ల్యాని భయం ఈడెందుకే? ఏం కాదు, దూరు."

ఏం కాదు. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ మాట ఆమె ఎన్నిసార్లు నమ్మిందో. బోరు మోటారు పనిచెయ్యనప్పుడు వైరు పట్టుకోమన్నాడు. కరెంటు తీసినావా అని అడిగితే, తీసినాలే, ఏం కాదు, పట్టుకో అన్నాడు. తియ్యలేదు. ఆమె ఎగిరి గోడకు కొట్టుకుంది. భుజం ఇప్పటికీ చలికాలం లాగుతుంది. ఆ సంగతి అతను పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నవ్వుతూ చెప్తాడు, "చెప్పుల్లేకుండా నిలబడినాదబ్బా మా మనిషి!" అని. నీళ్ళ ట్యాంకు కడగడానికి పాచి పట్టిన మిద్దె మీదికి ఎక్కించినప్పుడూ అదే మాట. జారి ట్యాంకు అంచు పట్టుకుని వేలాడినప్పుడు అత్త కింద నుంచి, ట్యాంకు మూత పగిలిందేమో చూడమంది. ఒకసారి పుచ్చు కొయ్య అంటగట్టినవాడి గడప మళ్ళీ తొక్కదని ఆత్మకూరు అంగళ్ళలో రేణుకాదేవికి పేరు. మరి ఇంట్లో, పుచ్చని తెలిసి తెలిసీ ఈ ఒక్క మాటను మళ్ళీ మళ్ళీ ఎందుకు కొంటోంది? భయం తనకు అబద్ధం చెప్పిన రోజు ఏదైనా ఉందా అని వెతికింది. గుర్తు రాలేదు. భయం చెప్పింది వినకుండా పోవడం వల్లే ప్రతిసారీ నష్టం.

అయినా కొంగు నడుముకు దోపి వెల్లకిలా పడుకుంది. ఇన్నేళ్ళ అలవాటు. తల లోపలికి పోయింది, భుజాలు పోయాయి. మొహానికి జానెడు పైన ఇంజను, ఆయిల్ వాసన, మసి. చేతులు నిజంగానే సందులో దూరాయి. ఉలి పెట్టి ఒక దెబ్బ వేసింది. కారు అంతా సన్నగా వణికింది. ఆ వణుకు ఆమె వెన్ను కింది నేలలోంచి కూడా తెలిసింది. చెవి పక్కన దిమ్మ కిర్రుమంది.

 ఊపిరి తీస్తే రొమ్ము ఇనుముకు తగులుతుందేమో అనిపించి ఊపిరి బిగబట్టింది. కోటేశ్వర్ పాదాలు రెండూ బయట, దూరంగా, నీడలో కనిపిస్తున్నాయి.

"కొట్టు మే! ఆపినావేంది?"

రేణుకాదేవి కొట్టలేదు. మోచేతుల మీద పాక్కుంటూ బయటికి వచ్చేసింది. చీరె చెరగు చక్రం దగ్గర పట్టుకుంది. లాగింది, చినిగినా ఆగలేదు.

"నేను దూరను."

"ఏంది?"

"దిమ్మ కిర్రుమన్నాది, నాకు భయంగా ఉండాది. దూరను."

"ఎగతాళిగా ఉండాదా నీకు? రేపు సరుకు ఎట్ట పోతాది?" అతని గొంతుకు ఎదురింటి తలుపు తెరుచుకుంది.

"ఆడమనిషిని బతిమిలాడేదేందిరా!" అంది పెంచలమ్మ అరుగు మీద నుంచి. "కొంచెం పొట్ట లోపలికి పీల్చుకో, నువ్వే దూరు నాయనా."

కోటేశ్వర్ సుత్తి అందుకున్నాడు. మోకాళ్ళ మీద వంగి కారు కిందికి చూశాడు. జాకీని చేత్తో ఒకసారి కదిపి చూశాడు. దిమ్మను చూశాడు. పొద్దున ఉత్త పానాతో పనిచేసినప్పుడు లేని ఆలోచన ఏదో, సుత్తి చేతిలోకి వచ్చేసరికి అతని మొహంలోకి వచ్చింది. అట్లాగే కొంతసేపు వంగి ఉన్నాడు.

"నడుం పట్టేసినాదమ్మా" అన్నాడు లేస్తూ. రేణుకాదేవి వైపు చూడలేదు.

ఆమె మాత్రం అతన్నే చూస్తోంది. నడుం పట్టేసిన మనిషి అంత తేలిగ్గా లేవడు. అప్పుడు అర్థమైంది ఆమెకు. చేతులు సన్నం అన్నది సాకు. కరెంటు వైరు దగ్గరా, పాచి పట్టిన మిద్దె మీదా, ఈ కారు కిందా అతనికీ భయమే. అతను తన భయాన్ని ఏనాడూ మొయ్యలేదు. ఈ ఇంట్లో ఇద్దరి భయాన్నీ ఇన్నాళ్ళూ ఆమె ఒక్కతే మోసింది.

ఆమె జాకీ దగ్గర కూర్చుంది. కడ్డీ రెండుసార్లు జారింది. మూడోసారి పట్టుకుని కాస్త పైకి లేపి, దిమ్మను కాలితో ఇవతలికి తన్ని, కారును మెల్లగా నేలకు దించింది. ఎవరూ ఆపలేదు.

పెంచలమ్మ అరుగు దిగి వచ్చి, దిమ్మను అటూ ఇటూ దొర్లించి చూసింది.

"ఏడ పగిలిందే ఇది? నిక్షేపంగా ఉండాది. దీనికా ఇంత గోల జేసినావు?"

రేణుకాదేవి కూడా చూసింది. నిజమే, ఎక్కడా చిన్న బీట కూడా లేదు.

"పగలకపోయినా దూరను అత్తా" అంది.