కోటలో వంటగది

బీడీ కంపెనీ తరఫున సరుకు సరిచూసుకునే జితేందర్ ఒక కట్టను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఒకసారి నొక్కి, మూతులు చూసి, రెండు బీడీలు లాగి పక్కన పడేశాడు. నొక్కితే మెత్తగా తగిలినవి, మూతి సరిగ్గా మడవనివి, నడుము సన్నబడినవి ఆయన కంటపడకుండా తప్పించుకోలేవు. ఇళ్ల దగ్గర బీడీలు చుట్టి తెచ్చి వరుసలో నిలబడ్డ ఆడవాళ్లంతా ఆ వేళ్లవైపే చూస్తుంటారు. బతిమాలితే వినడు, తిడితే వినడు. "రూలంటే రూలే" అంటాడు. వెనక నుంచి ఎవరో ఒకరు 'రూలయ్య' అని సణుగుతారు. అది వినపడ్డా వినపడనట్టే ఉంటాడు.

నలభై దాటిన బక్కపలచని మనిషి. మెడ, చెవులు ఎండకు కమిలి నల్లబడ్డాయి. నీడపట్టున కూర్చునే పనిలో చేరి ఇన్నేళ్లయినా ఆ నలుపు పోలేదు. చొక్కా గుండీలు గొంతుదాకా పెట్టుకుంటాడు. ఎడమ మణికట్టుకు ఎప్పుడో ఆగిపోయిన గడియారం ఉంటుంది. దాని పట్టీ కింద తాడు ఒరుసుకున్న మచ్చ ఉన్న సంగతి పెళ్లాం కిష్టవ్వకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మచ్చ ఎలా వచ్చిందో ఆమెకు కూడా చెప్పలేదు.

నవనీత వంతు వచ్చింది. కట్టలు ముందు పెట్టి, తడిగుడ్డలో చుట్టిన, బీడీలు చుట్టే తునికాకు, మిగిలిన తంబాకు కూడా తూకానికి ఇచ్చేసింది. ఆకు ఇంకా పదును మీదే ఉంది. రేపటికి పనికొచ్చే ఆకును ఎవరూ తిరిగి ఇవ్వరు. ఎందుకిస్తున్నావని అడగాల్సింది. తూకం సరిపోయింది కాబట్టి జితేందర్ అడగలేదు. ఆమె కట్టలోంచి కూడా ఒక బీడీ తీసి పక్కన పడేశాడు.

మధ్యాహ్నం లెక్కలయ్యాక, కంపెనీ వ్యాను వచ్చేలోపు ఆ గదిలో ఆట నడుస్తుంది. కోరుట్లలో ఇంకెక్కడా లేని ఆట. నేలమీద సుద్దతో కోట గీస్తారు. నడుము దగ్గర బీడీ దారం కట్టిన తునికాకు బొమ్మలే మనుషులు. తన బొమ్మ ఏం చేస్తుందో ఎవరికి వారు చెప్పాలి. అప్పుడు ఏం జరుగుతుందో జితేందర్ చెబుతాడు. గెలుపో ఓటమో తేలనిచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఆ పాచిక దుబాయిలో పెద్ద మాలులో కొన్నానని, అక్కడ తాను సూపర్ మార్కెట్లో గల్లాపెట్టె మీద కూర్చునేవాడినని, ఏసీ చల్లటి గాలి పడక జలుబు చేసేదని చెప్పుకుంటాడు.

నిజానికి ఆయన అక్కడి ఎడారి ఇసుకలో గొర్రెలు కాశాడు. కాగితాలు లేనివాళ్లను క్షమాభిక్షలో ఇంటికి పంపుతారని ఎదురుచూస్తూ షెడ్డులో పడుకున్న రోజుల్లో, పక్క చాప మీది ఫిలిప్పీన్స్ మనిషి ఈ ఆట నేర్పి, పోతూ పోతూ పాచిక చేతిలో పెట్టాడు. అంతకుముందు ఆయనకు ఇచ్చిన ప్రతి మాటనూ ఎవడో ఒకడు మార్చాడు. డ్రైవరు పని అన్నవాడు మార్చాడు, సెలవు అన్నవాడు మార్చాడు. పాచిక మాత్రం మాట మార్చదు. అందుకే దాని రూళ్లంటే ఆయనకు అంత పట్టింపు. ఆ మనిషి ఇంకో మాట కూడా చెప్పాడు. రూళ్లలో లేనిది ఎవరైనా అడిగితే సంతోషించు, ఆలోచించు, నిజంగా ఏం జరుగుతుందో అది చెప్పు, ఆట నడిపేవాడి పని అదే అన్నాడు. జితేందర్ రూళ్లు గుర్తుంచుకున్నాడు, ఈ మాట వదిలేశాడు.

ఆటకు కూర్చునేది ముగ్గురు. నవనీత, ఆమె అత్త మొగిలవ్వ, పక్కింటి దేవమ్మ. రాక్షసుణ్ణి చాటతో కొడతానని మొగిలవ్వ పేచీ పెట్టుకుంటుంది. చాట ఆయుధం కాదని జితేందర్ కొట్టేస్తాడు. వారం రోజులుగా కోటలో ఒక ఖైదీ ఉన్నాడు. ఎవరూ పేరు పెట్టలేదు కానీ అది ఎవరో అందరికీ తెలుసు. నవనీత మొగుడు అరవింద్ సౌదీ పోయి ఏళ్లవుతోంది. పనికి పిలిపించుకున్న కఫీల్ పాసుపోర్టు దాచుకుని రానివ్వడం లేదు.

ఇవాళ తన వంతు వచ్చినా నవనీత పాచికను ముట్టుకోలేదు.

"నేను కొట్లాడ అన్నా. గా కోటదొర ఇంట్ల వంట జేత్త, గిన్నెలు తోముత. నా పని జూసి గాయిన్ని ఇడిసిపెట్టుమని అడుగుత. ఇడుత్తడా?"

 జవాబు జితేందర్‌కు తెలుసు. గొర్రెలతో పాటు ఇంటి పని కూడా చేస్తాను, నా పాసుపోర్టు ఇవ్వమని తానూ ఒకసారి అలాగే బతిమాలాడు. తన కఫీల్ నవ్వి సరే అన్నాడు. ఆ తర్వాత రెండు పనులూ చేయించుకున్నాడు. పారిపోబోతే కట్టేశాడు. అది చెప్పాలంటే గల్లాపెట్టె పోతుంది, చల్లటి గాలి పోతుంది, ఈ ఆడవాళ్ల ముందు గొర్రెల కాపరి మిగులుతాడు.

"గీ ఆటల వంట లేదు. కోటల వంటగదే లేదు" అన్నాడు.

వంటగది లేకుంటే దొర ఏం తిని బతుకుతున్నాడని దేవమ్మ పకపకా నవ్వింది. మొగిలవ్వ నవ్వలేదు. నవనీత ఆయన మొహంలోకి చూసింది.

"పాచిక పక్కకు వెట్టన్నా. నువ్వే జెప్పు. గసొంటోడు ఇడుత్తడా?"

"రూల్ల లేదు."

"సరే అన్నా" అంది నవనీత, మెల్లగా.

అంతలో వ్యాను వచ్చింది. జితేందర్ ఎన్నడూ లేనంత హుషారుగా పెట్టెలు ఎక్కించాడు.

పొద్దుగూకుతుండగా షట్టర్ దించబోతుంటే మొగిలవ్వ ఒక్కతే వచ్చి మెట్టు మీద కూలబడింది. కోడలిని బస్సెక్కించి వచ్చానంది. హైదరాబాదు పోయి, అక్కణ్ణుంచి విమానంలో పోతుందట. ఇంటి పనికి ఆడమనిషిని పంపితే అరవింద్‌ను వదులుతానని ఆ కఫీల్ అన్నట్టు ఏజెంటు చెప్పాడట.

"ఒక్కమాట నాకు జెప్పద్దా అవ్వా?" అన్నాడు జితేందర్.

"అడిగింది గద కొడుకా. గల్ఫుకెల్లి అచ్చినోనివి మాకు నువ్వొక్కనివే. ఆడ నీది పెద్ద నౌకరాయె, ఇప్పి అడగనీకె దానికి సిగ్గాయె. ఆటల వెట్టి అడిగింది."

జితేందర్ ఫోను తీశాడు. బీడీని నొక్కి లోపల ఏముందో చెప్పే వేళ్లతో ఆమె నంబరు నొక్కాడు. నవనీత ఎత్తింది. వెనక బస్సు మోత, ఎవరిదో పిల్ల ఏడుపు.

"ఏందన్నా, కట్టలల్ల తక్కువైనయా?"

చెప్పాలి. పోవద్దు, వాడు వదలడు, నాకు తెలుసు, నేను గొర్రెలు కాసినోణ్ణి. మెట్టు మీద మొగిలవ్వ తల ఎత్తి ఆయన నోటివైపే చూస్తోంది.

"తక్కువ కాలే. నీ బొమ్మ ఈడనే మర్సినవని..."

"మర్వలే అన్నా. పెట్టే అచ్చిన."

"పైలం బిడ్డా" అన్నాడు. బస్సు మోత తెగిపోయింది. మళ్లీ నొక్కితే పలకలేదు.

మొగిలవ్వకు మొహం చూపలేక లోపలికి పోయి లైటు వేశాడు. నేలమీద కోట అలాగే ఉంది. దాని గోడ ఒకచోట చెరిపి, లోపలివైపు కొత్తగా ఒక చిన్న చదరం గీసి ఉంది. అందులో పొయ్యిరాళ్లలా మూడు సుద్ద చుక్కలు. వాటి ముందు, ఎర్రదారం బిగించి కట్టిన నవనీత తునికాకు బొమ్మ, తల కొంచెం వంచి.